మార్చి 8 మరునాటి పనులు: ఐటీ సంస్థల్లో మహిళలకు అండగా నిలవడం ఎలా

హైదరాబాదులో మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ ఐటీ కార్యాలయంలో చూసినా మార్చి 8న జరిగే మహిళా దినోత్సవ వేడుక ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. రిసెప్షన్ దగ్గర ముగ్గు, చేతికో గులాబీ, ఊదారంగు చీరల్లో గ్రూపు ఫొటో, మధ్యాహ్నం కేకు, సాయంత్రం ఇంటినీ ఉద్యోగాన్నీ ఎలా సమన్వయం చేసుకోవాలో చెప్పే ఒక ప్రసంగం. ఆ ప్రసంగానికి మగ ఉద్యోగులను కూర్చోబెట్టిన సంస్థ ఎక్కడైనా ఉంటే దానికి ముందుగా అభినందనలు. వేడుకలో తప్పేమీ లేదు గానీ, చాలా సంస్థల్లో సరిగ్గా ఆ వారాల్లోనే ఏడాది పనితీరును అంచనా వేసే అప్రైజల్ రేటింగులు ఖరారవుతుంటాయి. ఉదయం గులాబీ అందుకున్న మనిషి పేరు, సాయంత్రం తలుపులు మూసిన గదిలో పదోన్నతుల జాబితా నుంచి జారిపోవడం అసాధ్యమేమీ కాదు.

భారతీయ ఐటీ ఉద్యోగుల్లో మహిళలు సుమారు మూడో వంతు ఉంటారు. కొత్తగా చేరే బ్యాచుల్లో అమ్మాయిలు బాగానే కనిపిస్తారు, పై మెట్లకు వెళ్ళేకొద్దీ ఆ సంఖ్య పలచబడుతుంది. మధ్యలో జారిపోయే ఆ దశ పెళ్ళి, ప్రసవం, బదిలీ, మొదటి మేనేజరు ఉద్యోగం వంటివన్నీ ఒకేసారి వచ్చిపడే కాలం. అందువల్ల ఈ సూచనలు ముఖ్యంగా ఆ దశను దృష్టిలో పెట్టుకొని, టీమ్ లీడ్లకూ మేనేజర్లకూ ఉద్దేశించి రాసినవి. కంపెనీ విధానాలు మార్చే అధికారం వీరికి ఉండకపోవచ్చు. కానీ ఎవరికి ఏ పని ఇవ్వాలి, మీటింగు ఎన్ని గంటలకు పెట్టాలి, అప్రైజల్ ఫారంలో ఏమి రాయాలి అన్నవి పూర్తిగా వీరి చేతిలోనివే.

పనిని పేరుతో సహా చెప్పండి

1946 ఫిబ్రవరిలో అమెరికాలో ఎనియాక్ అనే ఎలక్ట్రానిక్ కంప్యూటరును లోకానికి చూపించినప్పుడు, ఆ ప్రదర్శనలో అది చేసిన లెక్కలకు ప్రోగ్రాము సిద్ధం చేసినవారు మహిళలు. ఎనియాక్ తొలి ప్రోగ్రామర్లు ఆరుగురు: కే మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. ఆ రోజు వారి పేర్లు ఎవరూ చెప్పలేదు, రాత్రి విందుకు వారిని పిలవనూ లేదు. ఫొటోల్లో యంత్రం పక్కన నిలబడ్డ ఆ స్త్రీలు అలంకారం కోసం తెచ్చిన మోడళ్ళని తరువాతి తరంలో కొందరు అనుకున్నారు కూడా. వారికి చెప్పుకోదగ్గ గౌరవం దక్కడానికి 1990ల దాకా ఆగవలసి వచ్చింది.

నేటి కార్యాలయంలో ఇదే పొరపాటు ఈమెయిల్ రూపంలో జరుగుతుంది. ఒక పెద్ద రిలీజ్ (కొత్త సాఫ్ట్‌వేర్ విడుదల) అయ్యాక డెలివరీ మేనేజరు ‘టీమ్ అందరికీ అభినందనలు, గొప్పగా చేశారు’ అని క్లయింటును కూడా కలిపి ఒక లేఖ పంపుతాడు. క్లయింటుకు తెలిసిన పేర్లు కాల్స్‌లో ఎక్కువగా మాట్లాడేవారివే కనుక ఆ అభినందన వారి ఖాతాలోకే వెళుతుంది. దానికి బదులు ఇలా రాసి చూడండి: ‘పాత డేటాబేసు నుంచి ఖాతాలను లావాదేవీలు ఆగకుండా కొత్తదానికి తరలించే పద్ధతిని రూపొందించినదీ, తరలింపుకు ముందు రెండుసార్లు రిహార్సల్ చేయించినదీ, ఆ రాత్రి కాల్‌ను నడిపించినదీ ఫలానా ఇంజనీరు.’ ఒక్క వాక్యమే అయినా అందులో పేరుంది, చేసిన పని ఉంది, ఆ పనిలోని కష్టం ఉంది. ఆరు నెలల తరువాత అప్రైజల్‌లో అతికించుకోవడానికి పనికొచ్చేది ఇటువంటి వాక్యమే. ‘ఎంతో ఓపికగా, చిరునవ్వుతో అందరినీ కలుపుకొనిపోయింది’ అన్న పొగడ్త దానికి పనికిరాదు. ఓపికను మెచ్చుకోవద్దని కాదు, మగ ఇంజనీరు విషయంలో ముందు దేనిని మెచ్చుకుంటారో ఈమె విషయంలోనూ ముందు దానినే మెచ్చుకోవాలి.

వేడుక జరపాలనుకుంటే ప్రసంగాలను కూడా ఇదే కొలతతో ఏర్పాటు చేయండి. తొలి కంప్యూటర్ ప్రోగ్రామరుగా పేరొందిన ఏడా లవ్‌లేస్ పేరున ఏటా అక్టోబరు నెల రెండవ మంగళవారం వచ్చే ఏడా లవ్‌లేస్ దినం అందుకు మంచి సందర్భం. ఆ రోజు మీ సంస్థలోని ఒక మహిళా ఇంజనీరును ‘మహిళగా నా ప్రయాణం’ అని కాకుండా, ఆమె కట్టిన సిస్టమ్ గురించి, అది ఒక రాత్రి ఎందుకు కూలిపోయిందో, ఎలా నిలబెట్టారో చెప్పమనండి. విజయవాడలో పెరిగి, ఐఐటీ ఢిల్లీలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, మోటరోలాలోనూ సిస్కోలోనూ చీఫ్ టెక్నాలజీ ఆఫీసరుగా పనిచేసిన పద్మశ్రీ వారియర్ గురించి మన కాలేజీల్లో చెప్పేటప్పుడు సైతం ఆమె ఏయే సాంకేతిక నిర్ణయాలకు బాధ్యత వహించారన్నది పక్కకు పోయి, ‘మన తెలుగమ్మాయి’ అన్నదే మిగులుతుంది. వక్తను బయటి నుంచి పిలిస్తే ప్రయాణ ఖర్చులు ముందే ఇవ్వండి, మగ వక్తకు పారితోషికం ఇచ్చే అలవాటు ఉంటే ఈమెకూ ఇవ్వండి. మహిళా దినోత్సవం గనుక ఉచితంగా వస్తారనుకోవడం వేడుక స్ఫూర్తికే విరుద్ధం.

జమాఖర్చుల్లోకి రాని పని

ప్రతి టీమ్‌లోనూ ఎవరో ఒకరు మీటింగ్ నోట్స్ రాయాలి, కొత్తవారికి లాప్‌టాప్, యాక్సెస్ ఇప్పించాలి, టీమ్ లంచ్‌కు డబ్బులు వసూలు చేయాలి, పుట్టినరోజు కేకు తెప్పించాలి. ఈ పనులన్నీ అవసరమైనవే, కానీ వీటివల్ల పదోన్నతి వచ్చినవారు లేరు. చాలా టీములలో ఇవి ఎవరూ చెప్పకుండానే అమ్మాయిల మీద పడతాయి. ‘నువ్వైతే చక్కగా రాస్తావమ్మా’ అన్న మెచ్చుకోలుతో మొదలై, ఆరు నెలలకు అది ఆమె ఉద్యోగంలో భాగమైపోతుంది. దీనికి మందు చాలా తేలిక. పేర్లను అక్షర క్రమంలో ఒక పట్టికగా రాసి, వారానికి ఒకరి చొప్పున వంతులు వేయండి. మేనేజరు పేరు కూడా ఆ పట్టికలో ఉండాలి. స్వచ్ఛందంగా ఎవరు చేస్తారని అడగవద్దు. అలా అడిగినప్పుడు గదిలో ఏర్పడే మౌనాన్ని భరించలేక చెయ్యెత్తేది ఎవరో అందరికీ తెలిసిన విషయమే.

ఎన్నాళ్ళుగానో మాన్యువల్ టెస్టింగ్‌లోనూ డాక్యుమెంటేషన్‌లోనూ ఉండిపోయిన అమ్మాయిలు మీ టీమ్‌లో ఉంటే, ‘ఆమెకు అదే ఇష్టం’ అని తీర్మానించే ముందు డిజైన్ పని ఒకటి ఆమె పేరున కేటాయించి, దానికి తగిన గడువు ఇచ్చి చూడండి.

అప్రైజల్ ఫారం

ఏడాది పొడవునా చేసిన మద్దతు నిలిచేదీ నీరుగారేదీ ఇక్కడే కనుక దీనిని కొంత జాగ్రత్తగా చూడాలి. ఫారం నింపాక మీ టీమ్ మొత్తం మీద రాసిన వ్యాఖ్యలను ఒకచోట పెట్టి వరుసగా చదవండి. పురుషుల గురించి రాసినప్పుడు ‘ఈ సర్వీసు స్పందన వేగాన్ని తగ్గనివ్వకుండా మార్చాడు, ఇక లోడ్ టెస్టింగ్ నేర్చుకోవాలి’ అని పని గురించి, స్త్రీల గురించి రాసినప్పుడు ‘కాస్త కటువుగా మాట్లాడుతుంది’, ‘ఇంకా ఆత్మవిశ్వాసం పెరగాలి’ అని స్వభావం గురించి రాసినట్టు తేలితే, ఆ వ్యాఖ్యలను చెరిపి మళ్ళీ రాయండి. ఒకరు రాసిన ప్రోగ్రామును మరొకరు పరిశీలించే కోడ్ రివ్యూలో గట్టిగా అభ్యంతరం చెప్పే అబ్బాయిని నాణ్యత విషయంలో రాజీపడని మనిషిగా లెక్కించే మేనేజరు, అదే పని చేసిన అమ్మాయిని ‘టీమ్‌లో కలవదు’ అని రాయడం మనం వినని సంగతి కాదు. ప్రతి లోపం పక్కనా ఒక సంఘటన, దాని తేదీ, ఏమి చేసి ఉండాల్సింది అనే మూడు అంశాలు రాయగలిగితేనే ఆ వ్యాఖ్యను ఉంచండి, లేకపోతే తీసేయండి.

రేటింగుల సమావేశంలో ‘ఆన్‌సైట్ అవకాశం ఇచ్చినా (అంటే క్లయింటు దేశానికి పంపుతామన్నా) ఆమె వెళ్ళలేదు కదా, చిన్న పాప ఉంది కదా’ అన్న మాట వస్తే, ఆమెను ఎవరైనా అడిగారా అని ప్రశ్నించండి. చాలాసార్లు అడగకుండానే ఆమె తరఫున దయతో నిర్ణయం తీసుకుంటారు. ఆ దయ వల్ల జరిగే నష్టం ఆమె జీతపు చీటీలో కనిపిస్తుంది. వెళ్ళాలా వద్దా అన్నది ఆమె చెప్పవలసిన మాట, అడగడం మీ బాధ్యత.

ప్రసూతి సెలవు: ముందు, మధ్య, తరువాత

చట్టం ఏమి చెబుతుందో ముందుగా తెలుసుకోవాలి, ఎందుకంటే దీనిని కంపెనీ చేసే ఉపకారంగా భావించే మేనేజర్లు ఇంకా ఉన్నారు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో వచ్చిన సవరణ ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల వేతనంతో కూడిన సెలవు ఉంటుంది. అందులో ప్రసవానికి ముందు 8 వారాలకు మించి వాడుకోకూడదు. ఇద్దరు పిల్లలున్న తల్లికి తదుపరి కాన్పుకు 12 వారాలు ఇస్తారు. శిశువును దత్తత తీసుకున్న తల్లికీ 12 వారాలు, గర్భస్రావమైతే 6 వారాలు ఉంటాయి. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ పిల్లల సంరక్షణకు క్రెచ్ సదుపాయం కల్పించాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళి రావడానికి అనుమతించాలి. ఈ హక్కులన్నీ ఉద్యోగంలో చేరేటప్పుడే రాతపూర్వకంగా తెలియజేయాలన్నది కూడా చట్టంలో ఉన్న నియమమే. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 నాటి సామాజిక భద్రత కోడ్ కూడా ఈ 26 వారాల సెలవునూ, క్రెచ్ నియమాన్నీ అలాగే ఉంచింది. సెలవులో ఉన్నప్పుడు ఉద్యోగం నుంచి తొలగించడం, ఆమెకు నష్టం కలిగేలా ఉద్యోగ నిబంధనలు మార్చడం చట్టవిరుద్ధం.

చట్టం చెప్పనిది, మేనేజరు చేయవలసినది చాలా ఉంది. గర్భవతినని ఆమె చెప్పిన రోజు నుంచి ఆమెను కొత్త ప్రాజెక్టుల చర్చల నుంచి తప్పించే అలవాటు ముందుగా మానాలి. ఇంకా నాలుగైదు నెలలు ఆమె పూర్తిస్థాయి ఇంజనీరుగానే పనిచేస్తుంది. సెలవుకు దాదాపు నెల ముందు ముగ్గురు కూర్చోవాలి: ఆమె, మీరు, ఆమె పనిని తాత్కాలికంగా తీసుకునే వ్యక్తి. ఆ సమావేశంలో తయారయ్యే కేటీ (పని వివరాల అప్పగింత) పట్టికలో ప్రతి మాడ్యూలుకూ ఎదురుగా ‘ఇప్పుడు ఎవరు చూస్తారు’ అనే గడితో పాటు ‘ఆమె వచ్చాక ఎవరు చూస్తారు’ అనే గడి కూడా ఉండాలి. రెండో గడి ఖాళీగా వదిలేస్తే, ఆమె తిరిగి వచ్చే నాటికి ఆ పని శాశ్వతంగా మరొకరిదైపోయి, ఆమె ఏ ప్రాజెక్టూ లేకుండా బెంచ్ మీద కూర్చోవలసి వస్తుంది. మన సంస్థల్లో తల్లులు రాజీనామా చేయడానికి పసిబిడ్డ ఎంత కారణమో, తిరిగి వచ్చాక చేతిలో పనిలేని ఆ రెండు మూడు నెలలూ అంతే కారణమని నా అభిప్రాయం.

అదే సమావేశంలో ఆ ఏడాది అప్పటిదాకా ఆమె చేసిన పనిపై అప్రైజల్ వ్యాఖ్యలు రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఏప్రిల్ నుంచి మార్చి దాకా సాగే అప్రైజల్ ఏడాదిలో 26 వారాలంటే సగం. పనిచేసిన సగాన్ని మాత్రమే కొలవాలి, లేని సగాన్ని సున్నాగా లెక్కించకూడదు. ‘సెలవులో ఉన్నారు గనుక మధ్య రేటింగు’ అనే లెక్క పైకి న్యాయంగా కనిపించినా, బాగా పనిచేసిన మనిషికి అది శిక్షే. అప్పటికే పదోన్నతి జాబితాలో ఉన్న పేరును సెలవు కారణంగా తీసేస్తే ఆమె ఒక ఏడాది కాదు, మరుసటి ఏడాది కూడా కలిపి రెండేళ్ళు వెనకబడుతుంది.

సెలవు కాలంలో ఫోన్లు చేయవద్దు. పాస్‌వర్డు ఎక్కడుందో అడగడానికి బాలింతకు ఫోన్ చేసిన టీమ్ తన కేటీని సరిగా చేయలేదని అర్థం. తిరిగి వచ్చే ముందు ఒకసారి మాత్రం, ఆమెకు ఇష్టమైతే, మాట్లాడండి: ఏమేమి మారింది, ఎవరు వెళ్ళిపోయారు, ఆమె దేని మీద పనిచేయాలనుకుంటోంది. ఇంటి నుంచి పనిచేసే అవకాశాన్ని ఇద్దరి అంగీకారంతో కొంతకాలం ఇవ్వవచ్చని చట్టమే చెబుతోంది కనుక దాన్ని ఆమె బతిమాలే పరిస్థితి రానివ్వకుండా మీరే ప్రస్తావించండి. వచ్చిన మొదటి వారాల్లో చిన్నదైనా పూర్తిగా ఆమెదే అయిన ఒక పనిని అప్పగించాలి, అది ప్రొడక్షన్‌లోకి, అంటే అసలు వినియోగంలోకి, వెళ్ళేదై ఉండాలి. తల్లిపాలు పిండుకోవడానికి గడియ ఉన్న గది, చిన్న ఫ్రిజ్ కావాలి. ‘మెడికల్ రూం వాడుకోండి’ అని చెప్పి, ఆ గదిలో తలనొప్పి వచ్చినవారంతా పడుకుని ఉంటే అది ఏర్పాటు అనిపించుకోదు.

ఇక తండ్రుల సంగతి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది, ప్రైవేటు రంగానికి అటువంటి చట్టం లేదు, కాబట్టి సంస్థ ఎంత ఇస్తే అంత. ఇచ్చిన ఆ కొద్ది రోజులనైనా మీ టీమ్‌లోని మగవారు పూర్తిగా వాడుకునేలా చూడండి. ముందుగా మేనేజరే వాడుకుంటే మిగతావారికి ధైర్యం వస్తుంది.

రాత్రి కాల్స్, రాత్రి క్యాబులు

అమెరికా క్లయింటుతో రాత్రి తొమ్మిదిన్నర కాల్ మన దగ్గర పిల్లలకు అన్నం పెట్టి నిద్రపుచ్చే వేళకు పడుతుంది. ఆ కాల్‌ను వారంలో కొన్ని రోజులు మన ఉదయానికి మార్చగలమా అని క్లయింటును అడిగిన మేనేజర్లు తక్కువ, అడిగినప్పుడు ఒప్పుకునే క్లయింట్లు మనం ఊహించినంత తక్కువ కాదు. ముఖ్యమైన నిర్ణయాలు కాల్‌లో మాటలతో ముగించకుండా రాతలో పెడితే, కాల్‌లో లేనివారికీ చర్చలో చోటు దొరుకుతుంది. రాత్రి షిఫ్టు అవసరమైన చోట ఆమె సమ్మతి, ఇంటి గుమ్మం దాకా రవాణా తప్పనిసరి. దారిలో చివరగా దిగేది మహిళ అయితే క్యాబులో గార్డు ఉండాలి. 2014 అక్టోబరులో హైదరాబాదులో మొదలైన, మహిళల భద్రత చూసే పోలీసు బృందాలు షీ టీమ్స్ నంబరును క్యాబులో అంటించడం మంచిదే గానీ, క్యాబు వేళకు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో తెలిపే నంబరు, ఆ నంబరుకు రాత్రి రెండు గంటలకు కూడా జవాబిచ్చే మనిషి అంతకంటే ముందు కావాలి.

విరామం తరువాత వచ్చేవారు

తెలుగు కుటుంబాలకు బాగా పరిచయమైన ఒక విరామం ఉంది. ఇక్కడ నాలుగైదేళ్ళు పనిచేసిన అమ్మాయి పెళ్ళయ్యాక, అక్కడ ఉద్యోగం చేసేవారి జీవిత భాగస్వాములకిచ్చే హెచ్-4 వీసాపై అమెరికా వెళుతుంది. ఆ వీసాపై ఉద్యోగం చేసే అనుమతి 2015 మే నుంచి కొందరికి మాత్రమే, అంటే భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియలో నిర్ణీత దశ దాటినవారికి మాత్రమే దొరుకుతోంది. మిగిలినవారు ఎంత చదివినా ఇంట్లో కూర్చోవలసిందే. అటువంటి వారు తిరిగి ఉద్యోగానికి దరఖాస్తు చేసినప్పుడు రెజ్యూమెలో మూడేళ్ళ ఖాళీ చూసి పక్కన పెట్టే వడపోతను హెచ్‌ఆర్ చేత తీయించండి. ఇంటర్వ్యూలో ఖాళీ ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు బదులు ఒక సమస్య ఇచ్చి, కోడ్ రాయమనండి. కొత్త వెర్షన్లు, టూల్స్ నేర్చుకోవడానికి కొద్ది వారాలు చాలు, సమస్యను విడదీసి ఆలోచించే శక్తి ఖాళీ ఏళ్ళలో పోయేది కాదు. ‘మీ వారు ఎక్కడ చేస్తారు’, ‘పిల్లల్ని ఎవరు చూసుకుంటారు’, పెళ్ళికాని అమ్మాయినైతే ‘పెళ్ళెప్పుడు’ అనే ప్రశ్నలు కబుర్ల ధోరణిలోనైనా అడగకూడదని ఇంటర్వ్యూ చేసేవారందరికీ రాతపూర్వకంగా చెప్పండి. సొంతంగా సంస్థ పెట్టాలనుకునేవారు తెలంగాణ ప్రభుత్వం 2018 మార్చి 8న మహిళా వ్యాపారవేత్తల కోసం ప్రారంభించిన వీ హబ్‌ను సంప్రదించవచ్చు.

ఒక్కతెనే వదిలిపెట్టవద్దు

భారతదేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత మన తెలుగింటి ఆడపడుచే. 18 ఏళ్ళ వయసులో, నాలుగు నెలల కూతురు ఒడిలో ఉండగా భర్త పోయారు. తండ్రి పప్పు సుబ్బారావు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ప్రొఫెసరు. ఆయన ప్రిన్సిపాల్ చాకోను ఒప్పించి ఆమెకు ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో సీటు ఇప్పించారు. అంతమంది అబ్బాయిల మధ్య కూతురు ఒంటరిగా ఉండకూడదని, ఇతర అమ్మాయిలను కూడా చేర్చుకొనేలా కళాశాలను కదిలించారు. అలా లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్ ఇంజనీరింగ్‌లో చేరారు. 1943లో చదువు ముగించుకొన్న లలిత సిమ్లాలో, తరువాత కలకత్తాలో ఉద్యోగం చేయగలిగింది అక్కడ సోదరుల కుటుంబాలు ఆమె కూతురిని తమ పిల్లలతో పాటు పెంచినందువల్లనే. భాక్రా నంగల్ ప్రాజెక్టుకు సంబంధించిన పనిలోనూ ఆమె పాలుపంచుకున్నారు.

సుబ్బారావుగారు గ్రహించిన విషయాన్ని టీములు ఏర్పాటు చేసేవారు చాలామంది గ్రహించరు. నలుగురు అమ్మాయిలుంటే నాలుగు టీములకు తలా ఒకరిని పంచడం చూడడానికి సమానత్వంగా ఉంటుంది. కానీ ప్రతి టీమ్‌లోనూ ఒక్కతే అమ్మాయి ఉంటే ఆమె మాట్లాడిన ప్రతి మాటా ‘అమ్మాయిల అభిప్రాయం’ అయిపోతుంది. ఇద్దరిద్దరుగా వేయండి. వారిలో ఒకరు సీనియర్ అయితే మరీ మంచిది. మెంటరును ఇవ్వడంతో సరిపెట్టకుండా, పదోన్నతుల గదిలో కూర్చొనే ఒక పెద్దను ఆమె తరఫున మాట్లాడే బాధ్యతతో నియమించండి. సలహాలు చెప్పేవారు ఆమెకు ఇంట్లోనూ బయటా కావలసినంతమంది ఉన్నారు. బయటి సమూహాల మీదే పూర్తిగా ఆధారపడడం కూడా మంచిది కాదు. 2011లో మొదలై ఎన్నో దేశాలకు విస్తరించిన మహిళా సాంకేతిక నిపుణుల సంస్థ ఉమెన్ హూ కోడ్ 2024లో నిధులు లేక మూతపడింది. కాబట్టి మహిళా ఇంజనీర్ల బృందానికి మీ సంస్థ బడ్జెటులోనే ఒక పద్దు ఉండాలి, దాన్ని నడిపేవారి సమయాన్ని పనిగంటల్లోనే లెక్కించాలి.

కమిటీ పేరుకే ఉండకూడదు

పనిచేసే చోట లైంగిక వేధింపుల నివారణకు 2013లో చట్టం వచ్చింది. 10 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి కార్యాలయంలో అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళ అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలై ఉండాలి, బయటి సంస్థ నుంచి ఒకరు ఉండాలి. సంఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలల దాకా గడువు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. విచారణ సాగుతుండగా ఫిర్యాదుదారు కోరితే ఆమెకు మూడు నెలల వరకు సెలవు ఇప్పించవచ్చు, లేదా ఇద్దరిలో ఒకరిని వేరే చోటికి మార్చవచ్చు. మార్చేటప్పుడు ఎప్పుడూ ఆమెనే మార్చే అలవాటును మీరు అడ్డుకోవాలి. మీ దగ్గరికి ఒక సహోద్యోగి వచ్చి చెప్పుకుంటే ‘అతను అలాంటివాడు కాదే’ అనే మాట మింగేసి, తేదీలు, మెసేజీల స్క్రీన్‌షాట్లు భద్రపరచుకోమని చెప్పి, కమిటీకి ఫిర్యాదు రాయడంలో సాయపడండి. విచారణ మీరు చేయవద్దు, ఆమె ఒప్పుకోకుండా ఎవరికీ చెప్పవద్దు.

ఈ చట్టం కాంట్రాక్టు సిబ్బందికీ, ఇంటర్న్‌లకూ, రోజు కూలీకి వచ్చేవారికీ వర్తిస్తుంది. అదే భవనంలో హౌస్‌కీపింగ్, క్యాంటీన్, సెక్యూరిటీ పనులు చేసే మహిళలు వేరే ఏజెన్సీ జీతం మీద ఉన్నా వారు మీ కార్యాలయంలోనే పనిచేస్తున్నారు. కమిటీ ఏర్పాటు ఉత్తర్వును అందరికీ కనిపించే చోట పెట్టాలని చట్టం చెబుతుంది. చాలా కార్యాలయాల్లో అది ఇంగ్లీషులో, ఉద్యోగుల ఐడీ ఉంటేనే తెరుచుకునే వెబ్‌సైటులో ఉంటుంది. సభ్యుల పేర్లనూ ఫోన్ నంబర్లనూ తెలుగులోనూ హిందీలోనూ పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి, మహిళల వాష్‌రూముల్లోనూ, హౌస్‌కీపింగ్ వారు భోజనం చేసే గదిలోనూ అంటించండి. నంబర్లు మారినప్పుడల్లా ఆ కాగితం మార్చే బాధ్యతను ఒకరి పేరున రాసి ఉంచండి.